కింద కళ్ళం

పదేళ్ళ పైమాటే అయింది, ఒక మాటని మోస్తన్నాను. బరువంటే మరేదో అనుకునేరు, మాటే. రెండు ముక్కలు. కింద కళ్ళం. ఎవరైనా పక్కన నిలబడి 'కళ్ళం' అంటే చాలు, ఇప్పటికీ అక్కణ్ణుంచి జారుకుంటాను. నూర్పుల రోజుల్లో పల్లెల వైపు వెళ్ళను. చుట్టాలు పిలిచినా ఆఫీసు పనంటాను. నీకెప్పుడు చూసినా ఆఫీసేనా అని మా ఆవిడ దెప్పుతుంది. దానికేం తెలుసు?

మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు చెప్పను. అలాగయితేనే ఇది బయటికొస్తుంది. చెప్పాల్సిన వాళ్ళకే చెప్దామని మూడుసార్లు బయల్దేరేను. మూడుసార్లూ టీ తాగి, వానల గురించి మాట్లాడి, వచ్చేసేను. కాబట్టి మీరు విసుక్కోకుండా వినండి. మధ్యలో నన్ను నేను సమర్థించుకుంటే పట్టించుకోకండి. ఇన్నేళ్ళు సాధన చేసేను మరి, అలవాటు ఒక్కసారి పోదు.

చోడవరానికి కొంచెం దూరంలో, గెడ్డ ఒడ్డున, అంటే చిన్న ఏటి ఒడ్డున, ఒక అట్టల మిల్లు. పేరెందుకు లెండి. వరిగడ్డిని సున్నంతో కలిపి పెద్ద బాయిలర్లలో ఉడకబెట్టి, నలిపి, అట్టలు తీస్తారు. పుస్తకాలకి వేసేవి, చెప్పుల పెట్టెలు, మిఠాయి డబ్బాలు, అన్నీ ఆ అట్టే. తడి అట్టల్ని ఆడవాళ్ళు నెత్తిన మోసుకెళ్ళి ఎండలో పరుస్తారు. పరిచే చోటు రెండు మెట్లుగా ఉండేది. ధాన్యం నూర్చే కళ్ళంలాగ చదునుగా ఉంటుంది కదా, అందుకని పనివాళ్ళు ఎగువ మెట్టుని మీద కళ్ళం అనీ, గెడ్డ వైపు మెట్టుని కింద కళ్ళం అనీ అనేవారు. ఆఫీసు కాగితాల్లో అది లోయర్ యార్డు. నోటితో అనేటప్పుడు మేనేజరు దగ్గర్నుంచి గేటు దగ్గర మనిషి దాకా అందరికీ కింద కళ్ళమే. ఇది గుర్తుంచుకోండి. నా పాపమంతా ఇక్కడే ఉంది.

ఆ మిల్లులో నేను గుమస్తాని. ఇంగ్లీషు టైపు చేస్తాను, ఉత్తరాలు రాస్తాను, బోర్డు మీటింగు జరిగితే మినిట్సు రాస్తాను. 'బోర్డు' అంటే మా మిల్లులో రెండర్థాలు. తయారయ్యే అట్టా బోర్డే, మేడ మీద గదిలో కూర్చునే డైరెక్టర్లూ బోర్డే. "బోర్డు ఎండిందా, ఇంకా తడిగానే ఉందా?" అని ఫోర్మన్ అరిస్తే, "ఏ బోర్డు బాబూ?" అని ఆడవాళ్ళు పకపకా నవ్వేవారు. నేనూ నవ్వేవాడిని. రెండర్థాల మాటలంటే నాకప్పట్లో సరదా.

ఆ మేడమీద బోర్డులో అయిదుగురు. ఒకరు మా బావ, మా అప్ప పెనిమిటి, అక్కని మేం అప్ప అంటాం. మిల్లుకి దిగువన, కె.కోటపాడు వైపు, గెడ్డ పక్కనే వాళ్ళ ఊరు. గడ్డి తోలే రైతుల తరఫున ఒక కుర్చీ ఉండాలని మిల్లు పెట్టినప్పుడే ఒప్పందం. ఆ కుర్చీలో రైతులందరూ కలిసి బావని కూర్చోబెట్టేరు. ఎందుకంటే బావ మాటంటే ఆ చుట్టుపక్కల గురి. గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు వేరుపడినా, "నాయుడుగారు ఏటంటే అదే" అనేవారు. బావ పెద్దగా మాట్లాడేవాడు కాదు. వినేవాడు. రెండు వైపులా ఓపిగ్గా విని, ఎవడు ఏ ముక్క మింగేసేడో టక్కున పట్టేసేవాడు. "ఆయన చెవుల దగ్గర అబద్ధం నిలబడదురా" అని ఊళ్ళో పేరు.

ఆ చెవులే. ఆ చెవులే పాడు చేసేను.

బావ తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఇంగ్లీషు రాదు. బోర్డు కాగితాలన్నీ ఇంగ్లీషు. అందుకని బావ కుర్చీ వెనకాల నేను స్టూలు వేసుకుని కూర్చుని, ఒక్కొక్క అంశం చెవి దగ్గర మెల్లగా తెలుగులో చెప్పేవాడిని. బావ అన్నది వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పేవాడిని. నువ్వు సెప్తే నేను సదివినట్టే అనేవాడు. ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడు నాకెంత గర్వమో! టెంపరరీ గుమస్తాని, డైరెక్టరు చెవిలో మాట చెప్పేవాడిని.

చైర్మన్‌ని పెద్దాయన అంటాను. ఆయనకి ఇక్కడే కాదు, మా మిల్లుకి సున్నం పంపే బట్టీల కంపెనీ బోర్డులోనూ కుర్చీ ఉంది. ఆయన వియ్యంకుడు ఇంకో డైరెక్టరు, ఆయన చెయ్యెత్తితే ఈయనా ఎత్తుతాడు. నాలుగో ఆయన కలకత్తా సేటు, మా అట్టలు కొనే మనిషి. అయిదో ఆయన మద్రాసు నుంచి వచ్చేవారు. ఆ ఇద్దరికీ తెలుగు 'బాగున్నారా' దగ్గర ఆగిపోతుంది. మద్రాసాయనకి అరవదేశంలో ఇంకో అట్టల మిల్లు బోర్డులో కుర్చీ ఉంది. ఒక మనిషికి రెండు చోట్ల కుర్చీలుంటే ఏమవుతుందో నేను ఆ గదిలోనే నేర్చుకున్నాను. అక్కడ విన్నది ఇక్కడికి నడిచొస్తుంది. కొత్త ఆలోచనా అలాగే వస్తుంది, సొంత లాభమూ అలాగే వస్తుంది. వచ్చే దారి మాత్రం ఒకటే.

ఇక నీళ్ళ సంగతి. గడ్డి ఉడికిన నీళ్ళు, కడిగిన నీళ్ళు, అన్నీ గెడ్డలోకే. డికాషన్ రంగు, పైన తెల్లటి నురగ, ముక్కు పట్టుకునే వాసన. మొదట్లో ఒకటే బాయిలరు, గెడ్డా నిండుగా పారేది, ఎవరికీ పట్టలేదు. రెండో బాయిలరు పెట్టేక తెలిసింది. ఎండాకాలం దిగువ ఊళ్ళో గెడ్డ ఇసకలో చెలమలు తవ్వుకుని తాగునీళ్ళు తోడుకుంటారు. ఆ చెలమల్లో నీళ్ళు వాసనేస్తన్నాయని బావ బోర్డులో చెప్పేడు. నేను ఇంగ్లీషులో చెప్పేను. ఆ రోజు సరిగ్గానే చెప్పేను, ఒక్క ముక్క తగ్గించలేదు.

అది విన్న మద్రాసాయన ఊరుకోలేదు. మా ఇంకో మిల్లులోనూ ఇదే గొడవ వచ్చింది, మూడు గుంటలు తవ్వేం, చూద్దురుగాని రండి అన్నారు. ఎవరో ఒకరు చూసి రిపోర్టు రాయాలి కదా. నన్ను పంపించేరు. అనకాపల్లిలో మెయిలెక్కేను, పులిహోర పొట్లం పట్టుకుని, జన్మలో మొదటిసారి అంత దూరం. అక్కడ చూసేను. మొదటి గుంటలో మిల్లు నీళ్ళు పడతన్నాయి, చిక్కగా, మురుగ్గా. సున్నం, గడ్డి నలుసు అడుక్కి దిగిపోతన్నాయి. రెండో గుంటలో పలచబడ్డాయి. మూడో గుంట దగ్గర పనివాళ్ళు కాళ్ళు కడుక్కుంటన్నారు. ఆ తేరిన నీళ్ళని మళ్ళీ పంపుతో బాయిలర్లకే తోడుకుంటన్నారు. అడుగున దిగిన సున్నమూ, నలుసూ తీసి మళ్ళీ వాడుకుంటన్నారు. వాళ్ళ ఏట్లోకి పోయేది దాదాపు ఏమీ లేదు. నేను వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని వాసన చూసేను. మా అప్ప గుర్తొచ్చింది. అప్పా, నీ చెలమ బాగుపడిపోతుందే అనుకున్నాను. అనుకున్నాను, నిజం. ఆ మనిషీ నేనే.

రిపోర్టు బాగా రాసేను. గుంటలు మా మిల్లు లోయర్ యార్డులోనే తవ్వొచ్చని, బయటి భూమి సెంటు కూడా అక్కర్లేదని, సున్నం వాడకం సగానికి దిగుతుందని. ఆ సున్నం ముక్క రాసినప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయేను. వెర్రివాడిని. అవతలి మిల్లువాళ్ళు ప్లాను గీతలు ఊరికే ఇస్తామన్నారు, వాళ్ళ మేస్త్రీని కూడా పంపుతామన్నారు. ఇంక బోర్డు ఒప్పుకోవడమే తరువాయి. మద్రాసాయన, సేటు ఒప్పుకుంటారని తెలుసు. బావ ఎలాగూ ఒప్పుకుంటాడు. ముగ్గురు చాలు.

మీటింగు రోజు పొద్దున్నే పెద్దాయన ఇంటికి రమ్మని కబురొచ్చింది. వాకిట్లో పడక్కుర్చీలో కూర్చున్నారు. రిపోర్టు ఒళ్ళో ఉంది. నేను నిలబడ్డాను. గుంటలు బాగున్నాయా అని అడిగేరు. బాగున్నాయండి అన్నాను. సున్నం సగమేనా అన్నారు. అప్పుడు తెలిసింది నాకు, నేనేం రాసేనో. ఆయన రెండో కుర్చీ, ఆ సున్నం బట్టీల కుర్చీ, దాని కింద పెట్టేను నిప్పు. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. మీ బావకి గుంటలు ఎక్కడని చెప్తావు అని అడిగేరు. కింద కళ్ళంలో అని చెప్తానండి అన్నాను. చిన్నగా నవ్వేరు.

"వాళ్ళూళ్ళో కూడా ఉంది కదురా, కింద కళ్ళం."

ఉంది. ఊరికి దిగువన, గెడ్డ గట్టు మీద, ఊరందరూ ధాన్యం నూర్చుకునే కళ్ళం. దాన్నీ కింద కళ్ళమే అంటారు. బావ తాతలు చదును చేసిన నేల. మిల్లులోనూ ఆ పేరుందని బావకి తెలీదు, మీటింగుకొచ్చి మేడెక్కి దిగిపోయే మనిషి.

"నువ్వు అబద్ధం ఆడక్కర్లేదు. మిల్లులో ఏటంటామో అదే అను. ఇంకో ముక్క కలపకు, అంతే." ఇంకో మాట కూడా అన్నారు. నీ పర్మనెంటు కాగితం వచ్చే బోర్డులో పెడదాం అని.

చూసేరా, ఎంత సుళువు! బెదిరించలేదు, తిట్టలేదు. అబద్ధం ఆడొద్దనే చెప్పేరు. మిల్లుదాకా సైకిలు తొక్కుతా ఆ మాటే నాకు నేను చెప్పుకున్నాను. నేను అబద్ధం ఆడను. ఉన్న మాటే అంటాను. ఇంట్లో మా ఆవిడ నెలలు నిండి ఉంది. ఏ నెలకానెల తీసేస్తారేమో అని భయపడే ఉద్యోగం నాది. సమర్థించుకుంటన్నానా? అవును. మీరు పట్టించుకోకండి అని ముందే చెప్పేను కదా.

మేడ మీద గది. ఫ్యాను కిర్రుమంటా తిరగతంది. మద్రాసాయన గుంటల గురించి ఉత్సాహంగా చెప్పేరు, చేతులతో నీళ్ళు తేరడం చూపించేరు. నేను స్టూలు మీంచి బావ చెవి దగ్గరకి వంగేను. మూడు గుంటలు బావా, నీళ్ళు తేరతాయి, నేను చూసేను, మంచివే అన్నాను. బావ మొహం విప్పారింది. ఎక్కడ తవ్వుతారు అని అడిగేడు.

"కింద కళ్ళంలో" అన్నాను.

బావ మెడ తిప్పి నన్ను చూసేడు. "కింద కళ్ళంలోనా?"

"అవును బావా. కింద కళ్ళంలో."

రెండోసారి కూడా అన్నాను. ఒక్కసారైతే నాలిక జారిందనుకుందును. బావ కనుబొమలు ముడిపడ్డం నేను చూసేను. బల్ల వైపు తిరిగి, "మా కళ్ళంలో మురికి గుంటలు తవ్వుతారా? ఊరు ఎక్కడ నూర్చుకోవాల? నేనొప్పుకోను" అన్నాడు, గట్టిగా, తెలుగులో. ఆ గదిలో తెలుగు అర్థమయ్యేది నలుగురికి. అందులో ముగ్గురికి నిజం తెలుసు. పెద్దాయన కాగితాలు సర్దుకుంటన్నారు. వియ్యంకుడు గోళ్ళు చూసుకుంటన్నాడు. మద్రాసాయన నా వైపు చూసి, ఏమంటన్నారు అని ఇంగ్లీషులో అడిగేరు. స్థలం విషయంలో ఆయనకి అభ్యంతరం సార్ అన్నాను. అదీ అబద్ధం కాదు! ఆయన ఆశ్చర్యపోయి, "అది మన సొంత యార్డే కదా, ఇందులో అభ్యంతరం ఏమిటి?" అన్నారు. ఆ ప్రశ్న నేను బావకి చెప్పాలి. నా ఉద్యోగమే అది. అందుకే నాకు స్టూలు వేసేరు.

చెప్పలేదు.

ఎంతసేపు? నాలుగైదు ఊపిర్లంతసేపు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఇంతలో పెద్దాయన ఓటు పెట్టేసేరు. ఇద్దరు కావాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. మిగిలిన ఒక్క చెయ్యీ, బావ చెయ్యి, వద్దనే వైపు లేచింది. మినిట్సులో 'స్థల కారణం వల్ల' అని రాసేను. తర్వాత ఎప్పట్లాగే మాడుగుల హల్వా పళ్ళెం తిరిగింది. బావ తన ముక్క తినకుండా కాగితంలో చుట్టి, అప్ప కోసం జేబులో పెట్టుకున్నాడు. కళ్ళం దక్కిందిరా బాబూ, నువ్వు లేకపోతే ఏటయ్యేదో అని నా భుజం తట్టేడు. ఆ భుజం ఇప్పటికీ బరువుగానే ఉంటుంది నాకు.

ఊళ్ళో బావని మెచ్చుకున్నారు. మిల్లోళ్ళ నోట్లోంచి కళ్ళం లాక్కొచ్చేడని రామమందిరం అరుగు మీద కూర్చోబెట్టి దండ వేసేరట. అప్ప చెప్పింది, మురిసిపోతా. నేను నా పర్మనెంటు కాగితం జేబులో పెట్టుకుని విన్నాను.

తర్వాత రెండు ఎండాకాలాలు. చెలమల్లో నీళ్ళు పచ్చబడ్డాయి. గెడ్డలో మట్టగిడస చేపలు చచ్చి తేలిపోయేయి. నారుమళ్ళ అంచులు సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయేయి. అప్ప బిందె చంకనెట్టుకుని పక్కూరి నూతికి నడిచేది, ఒక్కోసారి రోజుకి మూడు మార్లు. ఒకసారి వాళ్ళింటికి వెళ్తే మంచినీళ్ళ గ్లాసు నా చేతిలో పెట్టింది. తాగలేకపోయేను. నీళ్ళు బాగోక కాదు. బాగున్నాయి, అవి పక్కూరి నూతివి. అందుకే తాగలేకపోయేను. దాహం లేదప్పా అన్నాను. నోరు ఎండిపోయి ఉంది.

మద్రాసాయన వయసైపోయి బోర్డు వదిలేసేరు. ఆఖరిసారి వచ్చినప్పుడు గెడ్డ ఎలా ఉందో చూద్దామని బావ ఊళ్ళో కారు ఆపేరట. అక్కడ స్కూలు మేస్టారికి ఇంగ్లీషు వచ్చు. ఆయన మా నీళ్ళు చూడండి అంటే, ఈయన, "మా మిల్లు సొంత యార్డులో గుంటలు తవ్వుతామంటే మీ నాయుడుగారే చెయ్యెత్తి ఆపేరు, ఎందుకో నాకిప్పటికీ తెలీదు" అనేసి వెళ్ళిపోయేరు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. దండ వేసినవాళ్ళే, మిల్లోడికి అమ్ముడుపోయేడు అన్నారు. బావ ఎదురైతే మొహం తిప్పుకునేవారు. తగాదాలు బావ గుమ్మం ఎక్కడం మానేసేయి. ఎవరో గోడ మీద బొగ్గుతో ఏదో రాసేరట. అప్ప కడిగేసింది, ఏం రాసేరో ఎవరికీ చెప్పలేదు.

ఒక ఆదివారం మధ్యాన్నం బావ మా ఇంటికి వచ్చేడు. ఎండలో నడిచొచ్చేడు. కండువాతో మొహం తుడుచుకుని, వీధి అరుగు మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నన్ను తిట్టడానికి వచ్చేడేమో అనుకున్నాను. తిడితే చెప్పేద్దును. ఒట్టు, చెప్పేద్దును. కానీ బావ తిట్టలేదు.

"బాబూ, ఆరోజు నువ్వు ఏ కళ్ళం అన్నావు?"

అలా అడిగేడు. ఆ గొంతులో అనుమానం లేదు. నా మీద లేదు. నిజం కావాలి, అంతే. అదే అదను. ఇంతకంటే మంచి అదను దేవుడు కూడా ఇవ్వడు. నేనేమన్నానో వినండి.

"మిల్లు కింద కళ్ళం అన్నాను బావా."

"మిల్లు అన్నావా?"

"అన్నాను కదా."

"నాకు మిల్లు అన్న ముక్క ఇనబడ్నేదే."

"ఫ్యాను చప్పుడు కదా బావా. అయినా ఈమధ్య నీకు కుడి చెవి కొంచెం తగ్గినట్టుంది. నేనూ చూస్తన్నాను. రెండుసార్లు పిలిస్తేగానీ పలకడం లేదు నువ్వు."

ఈ ఆఖరి మాటలు ఎక్కణ్ణుంచొచ్చేయి? ఎవరు చెప్పమన్నారు? మొదటి తప్పు పెద్దాయన చేయించేరు, పొట్టకోసం చేసేను అని ఏడుద్దాం. మరి ఇది? నా ఇంటి అరుగు మీద, నా నోటితో, ఎవరి బలవంతమూ లేకుండా. భయం. దొరికిపోతానన్న భయం. ఆ ఒక్క భయానికి నేను మా బావ చెవులు కోసేసేను.

బావ వేలితో కుడి చెవి రుద్దుకున్నాడు. "అలాగా," అన్నాడు. "అయితే తప్పు నాదేనన్నమాట. ఊరి నీళ్ళు నా సెవుడు మింగేసిందన్నమాట." లేచి, మంచినీళ్ళు కూడా తాగకుండా, వచ్చిన దారినే వెళ్ళిపోయేడు.

మర్నాడే రామమందిరం దగ్గర అందరినీ పిలిచి చెప్పేడట, నాకు ఇనబడ్నేదర్రా, తప్పైపోయింది అని. ఊరు చల్లబడింది. పాపం చెవిటాయన, ఏం విన్నాడో ఏటో అన్నారు. మళ్ళీ పలకరించేరు, పండగలకి పిలిచేరు. కానీ తగాదా తీర్చమని మాత్రం ఎవరూ రాలేదు. వినబడని మనిషి ఏం తీరుస్తాడు? బోర్డు కుర్చీలోనూ ఇంకొకర్ని కూర్చోబెట్టేరు. ఎదుటివాళ్ళు కూడా బావతో అరిచి మాట్లాడ్డం మొదలెట్టేరు. బావ చెవి వెనక చెయ్యి పెట్టుకోవడం మొదలెట్టేడు. మామూలుగా అన్న మాటకి కూడా "ఏటీ?" అని రెండోసారి అడుగుతాడు. తను విన్నది తనే నమ్మడు.

అప్ప ఊరుకోలేదు. అప్పకి తెలుసు. పెరట్లో దూడ తాడు తెంపుకుంటే పొలంలోంచి వినే మనిషి బావ అని తెలుసు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమంది. నేనే తీసుకెళ్ళేను. నేనే! బస్సులో పక్కనే కూర్చున్నాను. డాక్టరు ఏవో ఊచలు మోగించి, దీపం వేసి చూసి, చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఏ లోపమూ లేదు అన్నాడు. అయిపోయింది, ఇప్పుడు బావ నా వైపు తిరుగుతాడు అనుకున్నాను. బావ బయటికొచ్చి, చెప్పులేసుకుని, మెల్లగా అన్నాడు. "డాక్టరు కుర్రోడు, ఆడికేటి తెలుసు. మా బావమరిది అబద్ధమాడతాడేటి?"

నమ్మేడు. డాక్టరుని కాదని నన్ను నమ్మేడు. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను, దుమ్ము పడిందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను. అప్పుడైనా చెప్పేనా? లేదు.

ఇంటికెళ్ళేక అప్ప వివరం అడిగింది. చెప్పేను. అప్ప నా మొహంలోకి చూసింది, చాలాసేపు. ఆరోజు నుంచి నేను వెళ్తే టీ ఇస్తుంది, అన్నం పెడుతుంది, నా ఎదురుగా మాత్రం కూర్చోదు.

పెద్దాయన పోయేరు. కొడుకు చైర్మన్ అయ్యేడు. చదువుకున్నవాడు, దక్షిణాదిలో ఇంకో అట్టల మిల్లు బోర్డులోకి అతన్ని తీసుకున్నారు. అక్కడ మూడు గుంటలు చూసేడట. వచ్చి మా బోర్డులో, నేనొక కొత్త పద్ధతి చూసొచ్చేను అన్నాడు. నేను మినిట్సు రాస్తన్నాను. అదే పద్ధతి. అదే లోయర్ యార్డు. ఒక కుర్చీ దారిన వచ్చిన మాటని ఇంకో కుర్చీ కోసం చంపేసేం. ఇన్నేళ్ళకి అదే మాట ఇంకో కుర్చీ దారిన మళ్ళీ వచ్చింది. ఎవరూ వద్దనలేదు. సున్నం బట్టీల కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఎంత తేలిగ్గా అయిపోయిందో చూస్తే నాకు ఏడుపొచ్చింది.

మొన్న వేసవిలో గుంటలు తయారయ్యేయి. కొబ్బరికాయ కొట్టడానికి పాత డైరెక్టర్లని పిలవమన్నారు. మిగిలింది బావ ఒక్కడే. అప్ప రాలేదు. బావ ఉతికిన పంచె కట్టుకుని వచ్చేడు. కాయ కొట్టేక అందరూ మిఠాయి దగ్గరికి వెళ్ళేరు. బావ మూడో గుంట గట్టు మీద నిలబడిపోయేడు. నేను వెనకాల నిలబడ్డాను. ఎప్పుడూ స్టూలు వేసుకునే చోటు, కుడి భుజం వెనక.

"ఇదేనా బాబూ కింద కళ్ళం?" అని అడిగేడు.

"ఇదే బావా."

వంగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని వాసన చూసేడు. వాసన్లేదు అన్నాడు, తనలో తను. ఆరోజు మిల్లు ఆపేరు. ఎక్కడా చప్పుడు లేదు. నేను ఆ చెవి దగ్గరకి వంగేను. బోర్డు గదిలో చెప్పే గొంతుతోనే, అంత మెల్లగానే, చెప్పేను.

"బావా, ఆరోజు నేను మిల్లు అన్లేదు."

బావ దోసిట్లో నీళ్ళు కారిపోయేదాకా కదల్లేదు. తర్వాత తడి చెయ్యి చెవి వెనక పెట్టుకుని, నా వైపు తిరిగేడు. "ఏటి బాబూ? గట్టిగా సెప్పు. నాకు ఇనబడదు కదా."

గట్టిగా. పదిమంది అటు ఉన్నారు. కొత్త చైర్మన్ ఉన్నాడు. నా నోరు తెరుచుకుంది. "నీళ్ళు బాగున్నాయంటన్నాను బావా" అని అరిచేను. బావ తలూపేడు.

వినబడలేదా నిజంగా? లేక విని, తన చెవిని నమ్మలేకపోయేడా? లేక విని, నమ్మి, నాకోసమే చెయ్యి చెవికి పెట్టేడా? ఈ మూడింట్లో ఏది నిజమైనా నాకు నిద్రపట్టదు. మూడోది అయితే మరీను.

అందుకే ఇది రాసేను. ఇంగ్లీషులో మొదలుపెట్టేను, అలవాటు కొద్దీ. నాలుగు లైన్లు రాసి చింపేసేను. తెలుగులోనే రాసేను, విడివిడిగా, పెద్ద అక్షరాలతో, కూడబలుక్కుని చదివేవాళ్ళకి కూడా అందేలాగ. దీన్ని ఎవరికీ ఎవరూ చెవిలో చెప్పక్కర్లేదు. ఎప్పుడిస్తానో, అసలు ఇస్తానో లేదో, ధైర్యంగా చెప్పలేను. నన్ను మీరు నమ్మొద్దు కూడా. క్షమించమని అడగడం లేదు, అడిగే మొహం లేదు. ఈ పై ముక్కలన్నీ రాసేసరికి చెయ్యి నొప్పెట్టింది, గుండె మాత్రం కొంచెం తెరిపిన పడింది. ఇంకొక్క లైను మిగిలింది. అది గట్టిగా రాస్తన్నాను.

బావా, నేను మిల్లు అన్లేదు. నువ్వు సరిగ్గానే విన్నావు.